స్టాన్‌మోర్ నుంచి సోహో దాకా – నలుగురూ కలిసి నిలబెట్టుకున్న పేట



మేము స్టాన్‌మోర్‌లో స్థిరపడి పద్దెనిమిదేళ్ళు దాటింది. జూబిలీ లైనుకు ఈ చివరి స్టేషను మాది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఖాళీ రైల్లో సీటు దొరకడమే ఈ ఊరి భాగ్యం అని మావాళ్ళు సరదాగా అంటూ ఉంటారు. ఇదే రైలెక్కి గ్రీన్ పార్క్‌లో దిగి, పికడిలీ లైనుకి మారి ఒక్క స్టేషను వెళితే పికడిలీ సర్కస్. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే సోహో. ఇంటి నుంచి గంటలోపు ప్రయాణం. అయినా చాలా ఏళ్ళ పాటు సోహో అంటే నాకు థియేటర్లు, చైనాటౌన్ హోటళ్ళు, ఇండియా నుంచి చుట్టాలొస్తే తిప్పి చూపించే వీధులు మాత్రమే. అక్కడ ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్ అని ఒకటుందని, అది గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ జనం ఎక్కువగా కలుసుకునే వీధి అని తెలుసు. తెలిసే, పిల్లల చెయ్యి పట్టుకుని గబగబా దాటించేవాణ్ణి.

ఈ వ్యాసం ఆ వీధి గురించి. ఒక పెద్ద నగరం మధ్యలో అలాంటి పేట ఎలా ఏర్పడింది, దాన్ని ఎవరు నిలబెట్టారు, అందులో మన పాత్ర ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు నేను తెలుసుకున్న సమాధానాలు ఇక్కడ రాస్తున్నాను. ముందు, ఈ విషయం నా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

ఒక ఉగాది స్కిట్

మా అక్క కొడుకు 2019లో ఎం.ఎస్. చదవడానికి లండన్ వచ్చాడు. మొదటి రెండేళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు. 2022లో మన తెలుగువాళ్ళ ఉగాది సంబరాల్లో ఒక హాస్య స్కిట్ వేశారు. ఒక కుర్రాడు చీర చుట్టుకుని, చేతులు తిప్పుతూ, ఆడంగి నడక నడుస్తుంటే హాలంతా పగలబడి నవ్వింది. సాంస్కృతిక కమిటీలో ఉండి ఆ స్కిట్ చూసి సరే అన్నది నేనే. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్విందీ నేనే. మా మేనల్లుడు నా పక్క కుర్చీలో ఉన్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక వాడు అన్నం తినలేదు. మూడు నెలల తర్వాత, జూలైలో, "మామయ్యా, రేపు నేను ప్రైడ్ ఊరేగింపులో వాలంటీర్‌గా చేస్తున్నాను. ఎందుకో నీకు తెలియాలి" అని మొదలుపెట్టి తన సంగతి చెప్పాడు. చివర్లో ఒక్క మాట అన్నాడు: "ఉగాది రోజు హాల్లో మూడు వందల మంది నవ్వారు. వాళ్ళెవరూ నాకు గుర్తు లేరు. నువ్వు నవ్వడం గుర్తుంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాతే ఈ విషయాలు చదవడం, ఆ వీధుల్లో తిరగడం మొదలుపెట్టాను.

మన స్టాన్‌మోర్‌లోనే ఉన్న చరిత్ర

సోహో దాకా వెళ్ళే ముందు మన ఊరి విషయం ఒకటి. స్టాన్‌మోర్ అనగానే అందరూ బెంట్లీ ప్రయరీ పేరు చెబుతారు. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధాన్ని నడిపించిన రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఫైటర్ కమాండ్ ప్రధాన కార్యాలయం అది. ఇప్పుడు మ్యూజియం. కానీ అదే యుద్ధకాలంలో స్టాన్‌మోర్‌లో ఇంకో రహస్య స్థావరం ఉండేది. జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను విప్పడానికి బ్లెచ్లీ పార్క్‌లో వాడిన "బాంబ్" అనే భారీ యంత్రాలను కొన్ని స్టాన్‌మోర్‌లోనూ, పక్కనున్న ఈస్ట్‌కోట్‌లోనూ పెట్టారు. నౌకాదళానికి చెందిన యువతులు రాత్రింబవళ్ళు వాటిని నడిపేవారు.

ఆ యంత్రానికి రూపకల్పన చేసినవారు అలన్ ట్యూరింగ్, ఆయనతో పాటు గోర్డన్ వెల్చ్‌మన్. మనలో సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్ళం అందరమూ ఒక రకంగా ట్యూరింగ్ గారి శిష్యులమే. అలాంటి మనిషిని 1952లో, మరో పురుషుడితో సంబంధం ఉన్నందుకు, కోర్టు దోషిగా తేల్చింది. జైలుకు బదులుగా హార్మోన్ల మందు ఎక్కించుకోవడానికి ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. 1954 జూన్ 7న, 41 ఏళ్ళకే చనిపోయారు. 2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చారు. 2021 నుంచి 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మే ఉంది. దేశాన్ని కాపాడిన మనిషిని నోటు మీదకు ఎక్కించుకోవడానికి దేశానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది.

చట్టం నడిచిన దారి

మగవారి మధ్య సంబంధాన్ని ఇంగ్లండులో 1533లోనే నేరంగా చేశారు. అదే ఆలోచనను ఆంగ్లేయులు 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా పెట్టారు. "ఇదంతా పాశ్చాత్యుల గోల, మన సంస్కృతి కాదు" అని మనవాళ్ళు అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. ఓడెక్కి వచ్చింది ఆ చట్టమే.

ఇంగ్లండులో 1957లో వుల్ఫెండెన్ కమిటీ ఈ చట్టాన్ని సడలించమని సిఫారసు చేసింది. పదేళ్ళ తర్వాత, 1967లో, ఇంగ్లండు, వేల్స్‌లలో 21 ఏళ్ళు నిండిన పురుషుల మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదన్నారు. స్కాట్లండుకు 1980లో, ఉత్తర ఐర్లండుకు 1982లో ఆ మార్పు వచ్చింది. 1988లో మళ్ళీ వెనకడుగు పడింది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను "ప్రోత్సహించకూడదు" అంటూ సెక్షన్ 28 తెచ్చారు. దాని మూలంగా బడుల్లో టీచర్లు ఆ మాట ఎత్తడానికే భయపడ్డారు. ఇంగ్లండులో అది 2003లో రద్దయింది. 2005 డిసెంబరు నుంచి సివిల్ పార్ట్‌నర్‌షిప్పులు, 2014 మార్చి నుంచి పెళ్ళిళ్ళు చట్టబద్ధమయ్యాయి. మన హారో బరోలోని పిన్నర్‌లో పుట్టిన ఎల్టన్ జాన్, తన సహచరుడు డేవిడ్ ఫర్నిష్‌తో 2005 డిసెంబరులో ఆ మొదటి రోజే నమోదు చేసుకున్నారు.

ఇండియాలో 377వ సెక్షను కోరలు 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పీకింది. అంటే ఇంగ్లండు 1967లో వదులుకున్న చట్టాన్ని మనం ఇంకో 51 ఏళ్ళు మోశామన్నమాట.

సోహో ఒక పేట ఎలా అయింది?

సోహోకి ఎప్పుడూ ఒకటే గుణం: ఇంకెక్కడా చోటు దొరకనివాళ్ళకు చోటివ్వడం. 17వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు ఇక్కడ స్థిరపడ్డారు. గ్రీకు చర్చి ఉండడం వల్ల ఒక వీధికి గ్రీక్ స్ట్రీట్ అని పేరొచ్చింది. తర్వాత ఇటలీవాళ్ళు, యూదు దర్జీలు, చైనీయులు వచ్చారు. స్వలింగ ప్రేమికులు కూడా ఇక్కడి క్లబ్బుల్లో, పబ్బుల్లో కలుసుకుంటూనే ఉండేవారు. కాకపోతే అదంతా చాటుమాటుగా. బయటినుంచి లోపల ఎవరున్నారో కనపడకుండా అద్దాలకు రంగు వేసేవారు.

1972 జూలై 1న లండన్‌లో మొదటి ప్రైడ్ ఊరేగింపు జరిగింది. రెండు వేల మంది కూడా మించలేదు. 2022లో 50 ఏళ్ళ ఊరేగింపుకి పది లక్షల పైచిలుకు జనం వచ్చారని అంచనా. ఈ రెండింటి మధ్య జరిగినదంతా జనం చేతుల మీదుగా జరిగింది. 1974 మార్చిలో కొందరు వాలంటీర్లు కింగ్స్ క్రాస్‌లో ఒక పుస్తకాల షాపు పై గదిలో ఫోను పెట్టుకుని, దిక్కుతోచనివాళ్ళకు సలహా చెప్పడం మొదలుపెట్టారు. అదే స్విచ్‌బోర్డ్. ఇప్పటికీ నడుస్తోంది. 1979లో బ్లూమ్స్‌బరీలో గేస్ ది వర్డ్ అనే పుస్తకాల షాపు తెరిచారు. 1984లో కస్టమ్స్ వాళ్ళు దాడి చేసి వందలకొద్దీ పుస్తకాలు పట్టుకుపోయి కేసు పెడితే, పాఠకులు చందాలు వేసుకుని కోర్టు ఖర్చులు భరించారు. చివరికి 1986లో ఆ కేసును వదులుకోవలసి వచ్చింది. ఆ షాపు ఈనాటికీ అక్కడే ఉంది.

1986లో సోహో అంచున ఫస్ట్ అవుట్ అనే శాకాహార కేఫ్ వచ్చింది. 1990ల మొదట్లో ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లో పెద్ద పెద్ద గాజు అద్దాలతో, బయట కుర్చీలతో బార్లు, కేఫ్‌లు తెరిచారు. మాంచెస్టర్‌లోని కెనాల్ స్ట్రీట్‌లోనూ 1990లో మాంటో అనే బారు అలాంటి అద్దాలతోనే వచ్చింది. చూడటానికి ఇది చిన్న విషయమే. కానీ లోపల కూర్చున్నవాళ్ళు వీధికి కనపడడానికి సిద్ధపడ్డారన్నమాట. మన ఇళ్ళల్లో ప్రతిదానికీ "నలుగురూ ఏమనుకుంటారు?" అంటాం కదా. ఆ నలుగురికీ భయపడి దాక్కున్నవాళ్ళు, తమకంటూ ఇంకో నలుగురిని వెతుక్కుని పగటివెలుగులో కూర్చున్నారు. పేట అనేది అలా పుడుతుంది.

అందరికీ ఒకే అభిప్రాయం ఉందనుకోకండి. సోహోలో కాపురాలున్న కుటుంబాలు, బడి, చర్చి, ముసలివాళ్ళు ఉన్నారు. ఆ ప్రాంతాన్ని పడగొట్టి కట్టే పథకాలను అడ్డుకోవడానికి 1972లోనే సోహో సొసైటీ పెట్టుకున్నారు. రాత్రిళ్ళ గోల గురించి, లైసెన్సుల గురించి నివాసులకూ బార్లకూ పేచీలు వస్తూనే ఉంటాయి. గొడవపడుతూనే కలిసి బతకడం కూడా పేట లక్షణమే.

1999 ఏప్రిల్ 30

ఆ ఏడాది ఏప్రిల్‌లో డేవిడ్ కోప్‌లాండ్ అనే జాత్యహంకారి లండన్‌లో మూడుచోట్ల మేకులు కూరిన బాంబులు పెట్టాడు. 17న బ్రిక్స్‌టన్‌లో, నల్లజాతివారిని లక్ష్యంగా చేసుకుని. 24న బ్రిక్ లేన్‌లో, బంగ్లాదేశీయులను లక్ష్యంగా చేసుకుని. 30న, శుక్రవారం సాయంత్రం, ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లోని అడ్మిరల్ డంకన్ పబ్బులో. మూడో బాంబుకి ముగ్గురు చనిపోయారు. సుమారు 80 మంది గాయపడ్డారు. కొందరు కాళ్ళు, చేతులు పోగొట్టుకున్నారు.

ఈ మూడు తేదీలను మనవాళ్ళు పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. బ్రిక్ లేన్‌లో బాంబు పెట్టినవాడి కళ్ళకు బెంగాలీకీ తెలుగువాడికీ తేడా కనపడదు. మన ఒంటిరంగును ద్వేషించినవాడే మా మేనల్లుడిలాంటి వాళ్ళనూ ద్వేషించాడు. అలాంటప్పుడు ఇది మనకు సంబంధం లేని గొడవ అని ఎలా అనగలం?

ఆ వారాంతంలో వేలాదిమంది సోహో స్క్వేర్‌లో గుమిగూడారు. అడ్మిరల్ డంకన్‌ను ఆ ఏడాదే మళ్ళీ తెరిచారు. లోపల మృతుల స్మారక ఫలకం ఉంది. ప్రతి ఏటా ఏప్రిల్ 30న సెయింట్ ఆన్స్ చర్చి తోటలో, పబ్బు ముందర సంస్మరణ జరుగుతుంది. కోప్‌లాండ్‌కు ఆరు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. కనీసం 50 ఏళ్ళు జైల్లో ఉండాలని 2007లో కోర్టు తేల్చింది.

డాక్టర్లకు తెలిసిన సోహో

మన సంఘంలో ఎన్.హెచ్.ఎస్. డాక్టర్లు, నర్సులు చాలామంది ఉన్నారు. ఈ భాగం వారికి నాకంటే బాగా తెలుసు. 1982లో టెరీ హిగిన్స్ అనే వ్యక్తి ఎయిడ్స్‌తో చనిపోతే, ఆయన మిత్రులు కలిసి టెరెన్స్ హిగిన్స్ ట్రస్టు పెట్టారు. ప్రభుత్వం ఇంకా తేరుకోకముందే రోగులకు తోడుగా వెళ్ళడం, కరపత్రాలు పంచడం వాళ్ళే చేశారు. 1987 ఏప్రిల్‌లో, సోహోకి ఉత్తరాన ఉన్న మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో ఎయిడ్స్ వార్డు ప్రారంభించిన డయానా యువరాణి, చేతికి గ్లవ్స్ లేకుండా ఒక రోగితో కరచాలనం చేశారు. ముట్టుకుంటే అంటుకుంటుందనే భయాన్ని ఆ ఒక్క ఫొటో చాలావరకు తగ్గించింది.

2009లో సోహో నడిబొడ్డున 56 డీన్ స్ట్రీట్ అనే ఎన్.హెచ్.ఎస్. క్లినిక్ తెరిచారు. జనం ఉన్న చోటికే వైద్యం వెళ్ళింది. తరచుగా పరీక్షలు, వెంటనే చికిత్స, ముందుజాగ్రత్త మందులు – వీటివల్ల 2015 తర్వాత అక్కడ కొత్త హెచ్.ఐ.వి. కేసులు గణనీయంగా తగ్గాయి. పేట ఒకచోట ఉండడం వల్ల వచ్చే లాభం ఇది. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని అడగాలో జనానికి తెలుస్తుంది.

మూతపడుతున్న తలుపులు

ఇక అసలు సమస్యకు వస్తాను. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వారి అర్బన్ లాబొరేటరీ 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం లండన్‌లో ఎల్జీబీటీక్యూ వేదికలు 2006లో 125 ఉంటే, 2017 నాటికి 53 మిగిలాయి. కారణం జనం రాకపోవడం కాదు. అద్దెలు, లీజులు, కూల్చి కట్టే పథకాలు ముఖ్య కారణాలు. చేరింగ్ క్రాస్ రోడ్డులోని ఆస్టోరియాను 2009లో క్రాస్‌రైల్ కోసం మూసి పడగొట్టారు. మనమిప్పుడు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో ఎలిజబెత్ లైను ఎక్కుతున్నది ఆ పక్కనే. ఫస్ట్ అవుట్ కేఫ్ 2011లో పోయింది. మేడమ్ జోజోస్ 2014లో పోయింది. జి-ఎ-వై లేట్ 2023 డిసెంబరులో, ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లోని జి-ఎ-వై బార్ 2025 అక్టోబరులో మూతపడ్డాయి.

"బార్లు మూతపడితే నష్టమేమిటి?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది: మనవాళ్ళకు గుడి ఉంది, సంఘం ఉంది, బంధువులు ఉన్నారు. పరాయి ఊళ్ళో ఉగాది పచ్చడి తినడానికి ఒక హాలు అద్దెకు తీసుకుంటాం. ఆ హాలు దొరకకపోతే ఎంత గిజగిజలాడతామో కమిటీలో పనిచేసినవాళ్ళకు తెలుసు. సొంత ఇంట్లోనే పరాయివాడైపోయిన కుర్రాడికి ఆ బారే హాలు, అదే బంధువుల ఇల్లు.

నిలబెట్టుకున్న పద్ధతులు

అన్నీ పోలేదు. పట్టుబట్టి నిలబెట్టుకున్నవీ ఉన్నాయి. మనలాంటి సంఘాలవాళ్ళు నేర్చుకోవలసినదంతా ఇందులోనే ఉంది.

మొదటిది రాయల్ వాక్స్‌హాల్ టావర్న్. 2014లో ఆ భవనాన్ని స్థిరాస్తి సంస్థకు అమ్మేశారు. అక్కడికి వచ్చేవాళ్ళే ఒక బృందంగా ఏర్పడి, పాత పత్రాలు, ఫొటోలు, జ్ఞాపకాలు పోగుచేసి దరఖాస్తు పెట్టారు. ముందు "సామాజిక విలువ గల ఆస్తి"గా, తర్వాత 2015 సెప్టెంబరులో గ్రేడ్ 2 రక్షిత కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఎల్జీబీటీక్యూ చరిత్ర కారణంగా అలా రక్షణ పొందిన మొదటి భవనం అదే. ఈ "సామాజిక విలువ" అనే ఏర్పాటు 2011 లోకలిజం చట్టంతో వచ్చింది. రిజిస్టరు కాని బృందమైనా సరే, స్థానిక ఓటర్లు 21 మంది ఉంటే పేరు ప్రతిపాదించవచ్చని ఆ చట్టంలో పెట్టారు. 21 మంది అంటే మన పిక్నిక్‌కి వచ్చేవాళ్ళలో సగం కూడా కాదు!

రెండోది జాయినర్స్ ఆర్మ్స్. తూర్పు లండన్‌లోని ఈ పబ్బు 2015లో మూతపడింది. అభిమానులు కౌన్సిలు వెంటపడగా, 2017లో టవర్ హామ్లెట్స్ కౌన్సిలు ఆ స్థలంలో కట్టే కొత్త కట్టడంలో ఎల్జీబీటీక్యూ వేదికకు చోటివ్వాలని షరతు పెట్టింది. తర్వాత ఆ మిత్రబృందం సహకార పద్ధతిలో చిన్న మొత్తాలకు వాటాలు అమ్మి, 2022లో లక్ష పౌండ్లకు పైగా పోగుచేసింది.

మూడోది నాకు ఇష్టమైనది. 1985లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ డబ్బుతో ఫారింగ్‌డన్‌లో ఒక లెస్బియన్, గే కేంద్రం తెరిచారు. మరుసటి ఏడాది ఆ కౌన్సిలే రద్దయింది. కేంద్రం 1990ల మొదట్లో మూతపడింది. ఆ తర్వాత దాదాపు 30 ఏళ్ళు లండన్‌కు అలాంటి కేంద్రమే లేదు. చివరికి వాలంటీర్లు నడుం కట్టి, జనం దగ్గర లక్ష పౌండ్లకు పైగా విరాళాలు సేకరించి, 2021 డిసెంబరులో టేట్ మోడర్న్ దగ్గర హాప్టన్ స్ట్రీట్‌లో కొత్త కేంద్రం తెరిచారు. మద్యం ఉండదు. కాఫీ, పుస్తకాలు, కబుర్లు. సదర్క్ స్టేషను దగ్గరే, అంటే స్టాన్‌మోర్‌లో రైలెక్కితే మారనక్కర్లేదు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. సంఘం పెట్టి చూడు అని కూడా చేర్చవచ్చు.

మనవాళ్ళు ఎక్కడున్నారు?

సోహో అందరినీ సమానంగా ఆదరించిందనడం అబద్ధమవుతుంది. చామనఛాయవాళ్ళను గుమ్మం దగ్గర ఎగాదిగా చూడడం, ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు చోటు తక్కువగా ఉండడం గురించి మా మేనల్లుడి స్నేహితులు నాకు చాలా చెప్పారు. అందుకే దక్షిణాసియావాళ్ళు తమ దారులు తాము వేసుకున్నారు. 1980ల చివర్లో శక్తి అనే బృందం, 1990ల మొదట్లో శివానంద ఖాన్ చొరవతో నాజ్ ప్రాజెక్టు వచ్చాయి. 1995లో డీజే రితు మరొకరితో కలిసి క్లబ్ కాళీ మొదలుపెట్టారు. ఉత్తర లండన్‌లో ఒక హాల్లో హిందీ పాటలకు, భాంగ్రాకు ఆడామగా చీరలు కట్టుకుని ఆడే ఆ క్లబ్బు ఎంతోమందికి పండగ ఇల్లు అయింది. 2005లో యు.కె. బ్లాక్ ప్రైడ్ మొదలైంది.

మన తెలుగునేల మీద కూడా కదలిక ఉంది. హైదరాబాదులో 2013 ఫిబ్రవరిలో మొదటి ప్రైడ్ యాత్ర జరిగింది. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాలను రిజిస్టరులో ఎక్కించి వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన చట్టాన్ని వైజయంతి వసంత మొగ్లి, మరి ఇద్దరు కోర్టులో సవాలు చేశారు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టివేసింది. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లను హైదరాబాదు ట్రాఫిక్ విధుల్లోకి తీసుకున్నారు. పెళ్ళి విషయం మాత్రం అక్కడే ఆగింది. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడం పార్లమెంటు పని అని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఇక్కడ చేసుకున్న పెళ్ళిని అక్కడ భార్యాభర్తల సంబంధంగా చూడరన్నది మన పిల్లలకూ, తల్లిదండ్రులకూ ముందే తెలిసి ఉండాలి.

మనం చేయగలిగినవి

2021 జనాభా లెక్కల్లో తొలిసారి ఈ ప్రశ్న అడిగారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 16 ఏళ్ళు దాటినవారిలో 15 లక్షల మంది, అంటే 3.2 శాతం, తాము గే, లెస్బియన్, బైసెక్సువల్ లేదా అలాంటి మరో వర్గమని రాశారు. 7.5 శాతం జవాబే ఇవ్వలేదు. అదే లెక్క మనకు వేసి చూస్తే, మూడు వందల మంది ఉన్న ఉగాది హాల్లో తొమ్మిది, పది మంది. వాళ్ళు ఎవరో మనకు తెలియకపోవడానికి కారణం మనమే. నాకు తోచిన పనులు ఇవి:

ఒకటి, వెళ్ళి చూడండి. ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లో కాఫీ తాగండి, గేస్ ది వర్డ్‌లో ఒక పుస్తకం కొనండి, కింగ్స్ క్రాస్‌లో 2022లో తెరిచిన క్వీర్ బ్రిటన్ మ్యూజియం చూడండి. వింతగా చూడటానికి కాదు, ఇరుగుపొరుగులా వెళ్ళండి.

రెండు, మాట కలపండి. ప్లానింగ్ దరఖాస్తుల మీద కౌన్సిలుకు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. స్టాన్‌మోర్‌లో ఉన్నా పంపవచ్చు. ఇంటి పక్క ఎక్స్‌టెన్షన్ మీద అభ్యంతరాలు రాయడంలో మనకు మంచి అనుభవమే ఉంది కదా!

మూడు, ప్రైడ్ ఊరేగింపు ఎక్కువగా వాలంటీర్ల మీదే నడుస్తుంది. మన సంఘాలు పండగలకు నేర్చుకున్న క్యూలు నడపడం, నీళ్ళు అందించడం, తప్పిపోయిన పిల్లల్ని వెతకడం అక్కడా పనికొస్తాయి.

నాలుగు, తల్లిదండ్రులకు తోడు ఉంది. ఎఫ్‌ఫ్లాగ్ అనే సంస్థ ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే నడిపేది. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకు గూడు చూపించే ఎ.కె.టి. 1989 నుంచి ఉంది. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయనే ఆలోచన మాత్రం దయచేసి మానండి. ఒక పిల్లవాడి బతుకుతో పాటు ఊళ్ళో ఏ పాపం ఎరగని ఒక ఆడపిల్ల బతుకు కూడా పాడవుతుంది. ఈ దేశంలో బలవంతపు పెళ్ళి 2014 నుంచి నేరం కూడా.

అయిదు, మన వేదిక మన చేతిలో ఉంది. స్కిట్‌లు ఎంచుకునేవాళ్ళు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: దీన్ని చూసి ఏడ్చేవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా?

చివరిగా

2024 వేసవిలో మా అక్క గుంటూరు నుంచి వచ్చింది. కొడుకు సంగతి అప్పటికి ఏడాది క్రితమే తెలిసింది. "నలుగురికీ ఏం చెప్పుకోవాల్రా?" అన్నదొక్కటే ఆమె మాట. వచ్చిన రెండు వారాల దాకా వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఒక శనివారం మా మేనల్లుడే ఆమెను, నన్ను రైలెక్కించాడు. అక్కకు నడక కష్టమైతే సెయింట్ ఆన్స్ తోటలో బెంచీ మీద కూర్చున్నాం. బాంబు సంగతి, ఏప్రిల్ 30 సంస్మరణ సంగతి వాడే చెప్పాడు. అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చచ్చిపోయినవాళ్ళకి అమ్మలున్నారా?" అని అడిగింది. "ఉన్నారమ్మా" అన్నాడు. సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి వాడికిచ్చి, "ఎండలో పడి తిరుగుతున్నావు, తాగు" అంది.

అంతకు మించి ఏమీ జరగలేదు. అన్నీ సర్దుకున్నాయని నేను రాయను. ఊళ్ళో చుట్టాలకు ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. కానీ ఆ రోజు స్టాన్‌మోర్ తిరిగి వచ్చేటప్పుడు తల్లీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు.

వచ్చే ఉగాదికి స్కిట్‌లు చూసే పని మళ్ళీ నాకే అప్పగించారు. ఈసారి మా మేనల్లుణ్ణి కూడా కమిటీలో వేయమని అడిగాను. ఒప్పుకున్నారు. మీ ఊరి సంఘంలోనూ అలాంటి ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. కూర్చునేవాళ్ళు మీ హాల్లోనే ఉంటారు.